ఉపగ్రహ చిత్రంలో కలివికోడి కనిపిస్తుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అడవులనూ, చెరువులనూ, వాటిలో బతికే జీవాలనూ ఉపగ్రహాల సాయంతో కాపాడుకోవడం గురించి పాఠకులు పంపిన ఉత్తరాలు ఈసారి ఒక కట్టగా పోగయ్యాయి. ఒకే సంగతిని వేరువేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను. ఉత్తరాలను కుదించాను గానీ సారం మార్చలేదు. చాలా ఏళ్లు ఉపగ్రహ పటాలు చేతపట్టుకుని ఎండలో అడవుల వెంట తిరిగినవాణ్ణి కనుక, జవాబుల్లో అక్కడక్కడ నేలవైపు కాస్త మొగ్గు కనిపిస్తే మన్నించగలరు.

ప్రశ్న: మా ఊరికి నల్లమల దగ్గర. పిల్లలకు చూపిద్దామని ఉపగ్రహ చిత్రం ఒకటి సంపాదిస్తే అందులో అడవంతా ఎర్రగా ఉంది. పచ్చని అడవి ఎర్రగా ఉండటమేమిటని పిల్లలు అడిగారు. నాకూ తెలియలేదు.
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల జిల్లా

జవాబు: చిత్రం చెడిపోలేదు, మీరు తలకిందులుగానూ చూడలేదు. ఆ ఎరుపు మనం కావాలని వేసుకున్న రంగు. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుని, ఆకుపచ్చను కొంత తిరిగి వదులుతుంది. అందుకే ఆకు మన కంటికి పచ్చగా ఉంటుంది. కానీ ఎరుపుకు అవతల, మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతి ఒకటి ఉంది. ఆకు లోపల గాలి గదుల మధ్య గుత్తులుగా ఉండే కణాలు ఆ కాంతిని పచ్చరంగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిప్పికొడతాయి. ఉపగ్రహంలోని కెమెరా దాన్ని విడిగా నమోదు చేస్తుంది. తెరమీద చూపించడానికి మనకున్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులే కనుక, కంటికి కనపడని ఆ పరారుణాన్ని ఎరుపు స్థానంలో కూర్చోబెడతారు. ఆకు ఎంత దట్టంగా, ఎంత ఆరోగ్యంగా ఉంటే చిత్రం అంత ఎర్రబడుతుంది.

దీని విలువ మన దేశంలో మొదట తెలిసింది అడవిలో కాదు, కొబ్బరితోటలో. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషరోత్ రామ పిషరోటి బృందం కేరళలో వేరుకుళ్లు తెగులు సోకిన కొబ్బరితోటల మీదుగా హెలికాప్టరులో ఎగురుతూ పరారుణ ఫిల్ముతో ఫొటోలు తీసింది. జబ్బుపడిన చెట్లు ఆ ఫొటోల్లో ఆరోగ్యంగా ఉన్నవాటినుంచి విడిగా తేలాయి. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు, అంటే దూరం నుంచే నేలను పరిశీలించే దూరసంవేదన విద్యకు, అదే ఓనమాలు దిద్దిన రోజని ఆ రంగంలోని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరువాత 1988 మార్చి 17న మన తొలి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ కక్ష్యలోకి చేరింది. నేటి రిసోర్స్‌శాట్ ఉపగ్రహాలు పంపే సమాచారం హైదరాబాదుకు దగ్గరలోని షాద్‌నగర్ కేంద్రంలో దిగుతుంది.

మీ పిల్లలతో ఒక పని చేయించండి. అదే నల్లమల చోటుకు నవంబరు చిత్రం ఒకటి, ఏప్రిల్ చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టండి. ఏప్రిల్‌లో టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకు రాల్చేసి ఉంటాయి కనుక ఎరుపు వెలిసిపోయి, వాగుల వెంబడి మాత్రమే సన్నని ఎర్రగీతలు మిగులుతాయి. ఎండాకాలంలో కణుతులకూ పులులకూ నీడా నీరూ దొరికే చోట్లు ఆ గీతలే. ఇదంతా తెలియనివాడు ఏప్రిల్ చిత్రం చూసి అడవి నరికేశారని గగ్గోలు పెట్టగలడు.

ప్రశ్న: మా ప్రాంతంలో ఎటు చూసినా జామాయిల్, సుబాబుల్ తోటలే. పాత అడవి ఏటేటా తరుగుతున్నట్టు మేం కళ్లారా చూస్తున్నాం. అయినా ఉపగ్రహాల ఆధారంగా వేసే లెక్కల్లో అడవి పెరిగిందని అప్పుడప్పుడు వార్తలు వస్తాయి. ఎవరిని నమ్మాలి?
– ఒక రైతు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: మీ కళ్లనూ నమ్మవచ్చు, లెక్కనూ నమ్మవచ్చు. చిక్కంతా 'అడవి' అన్న మాటకు ఇచ్చుకున్న అర్థంలో ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి సుమారు రెండేళ్లకొకసారి దేశంలోని అడవుల స్థితిగతులపై నివేదిక వెలువరిస్తోంది. ఒక హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు తగ్గని నేలమీద చెట్ల గొడుగులు కనీసం 10 శాతం మేర కప్పి ఉంటే, ఆ నివేదిక దాన్ని అటవీ ఆవరణంగా లెక్కిస్తుంది. ఆ నేల ప్రభుత్వానిదా పట్టాదా, చెట్టు వేపా జామాయిలా, దానంతట అదే మొలిచిందా ఎవరైనా నాటారా అన్నది ఆ నిర్వచనానికి పట్టదు. కప్పు 70 శాతం దాటితే చాలా దట్టమైన అడవి, 40 నుంచి 70 దాకా మధ్యస్థం, 10 నుంచి 40 దాకా పలుచన. పదికి లోపైతే అది అడవి లెక్కలోకే రాదు, 'పొదనేల' అన్న వేరే గడిలోకి వెళుతుంది. ఈ ఆఖరి మాటను గుర్తుంచుకోండి, తరువాతి ఉత్తరంలో దానితో పని ఉంది.

ఈ పటం వేయడానికి వాడే లిస్-3 కెమెరాకు ఒక పిక్సెల్ అంటే నేలమీద 23.5 మీటర్ల చదరం, మన లెక్కలో పదమూడున్నర సెంట్లు. ఆ పదమూడున్నర సెంట్ల నుంచి తిరిగివచ్చిన వెలుతురంతా కలిసి ఒకే అంకెగా మారుతుంది. నాలుగేళ్ల జామాయిల్ తోట, నలభై ఏళ్ల మిశ్రమ అడవి ఆ అంకెలో ఒకదానికొకటి చాలా దగ్గరగా నిలబడగలవు. ఉదాహరణకు, ఒకచోట వంద హెక్టార్ల పాత అడవి పోయి, మరొకచోట నూట ఇరవై హెక్టార్ల తోట ఎదిగిందనుకోండి. పద్దులో ఇరవై హెక్టార్లు లాభమని తేలుతుంది. ఆ వందలో ఉన్న తేనెపట్లూ, తీగజాతులూ, చెట్టుతొర్రల్లో పిల్లలు పెట్టే గుడ్లగూబలూ ఈ ఇరవైలో ఉండవు. తోట నరికిన ఏడు అదే పద్దులో అడవి 'తగ్గుతుంది' కూడా.

ఒకసారి మండు వేసవిలో, మెడలో జీపీఎస్ వేలాడేసుకుని, పటంలో మధ్యస్థ అడవి అని చూపిన ఒక చోటికి నడిచి వెళ్లాను. చుట్టూ వరసలు తీర్చిన జీడిమామిడి చెట్లు, కింద ఊడ్చినట్టున్న నేల, ఒక మూల మంచం మీద కాపలా తాత. ఇక్కడ అడవి ఉండాలే అని అడిగితే ఆయన నా చేతిలోని కాగితం వైపు జాలిగా చూసి, "అడవి కావాలంటే ఆ కొండ దాటాలి బాబూ, ఇది జీడితోట" అన్నాడు. అలాంటి తప్పులను దిద్దడానికే క్షేత్ర పరిశీలన ఉంది.

తోటనూ అడవినీ విడదీసే మార్గాలు లేకపోలేదు. యూరప్ వారి సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి ఒకే చోటును 10 మీటర్ల చదరాలతో చూస్తాయి. ఒక్కో చదరం దాదాపు ఒక గుంట నేల అనుకోవచ్చు. ఏడాది పొడవునా ఆ గుంట ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు ఆకు రాల్చింది అని వరసగా గీసి చూస్తే, మిశ్రమ అడవిలో జాతికొక వేళగా ఆకు రాలుతుంది, జామాయిల్ తోట ఏడాదంతా ఒకే తీరుగా ఉంటుంది, కోతకు వచ్చిన ఏడు ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. జీవసాంకేతిక శాఖ, అంతరిక్ష శాఖ కలిసి దేశమంతటా వేల నమూనా మడుల్లో మొక్కలను లెక్కించి, ఉపగ్రహ చిత్రాలతో జోడించి, వందరకాల వృక్షసంపదను పటంలో వేరుచేశాయి కూడా. జీవవైవిధ్యం దృష్టితో చూసేవారికి విస్తీర్ణపు అంకె కంటే అలాంటి పటం ఎక్కువ పనికొస్తుంది. ఈసారి నివేదిక వచ్చినప్పుడు మొత్తం అంకెను వదిలేసి, నమోదిత అటవీభూమి లోపల ఎంత, వెలుపల ఎంత అని విడదీసి చూపే పట్టికను చూడండి. మీ సందేహం సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: మా జిల్లా కలివికోడి ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. అంతరిక్షం నుంచి కారు నంబరు కూడా చదవగలరని వింటున్నాం కదా, ఆ పిట్టను ఉపగ్రహంతో వెతకలేరా?
– ఒక డిగ్రీ విద్యార్థి, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: కారు నంబరు మాట సినిమాలది. మన కార్టోశాట్-3 గొప్ప ఉపగ్రహమే, నేలమీద 25 సెంటీమీటర్ల చదరాన్ని విడిగా చూడగలదు. కలివికోడి ముక్కునుంచి తోకదాకా దాదాపు 27 సెంటీమీటర్లు. అంటే బాగా అదృష్టం కలిసొస్తే ఒకటో రెండో బూడిదరంగు చుక్కలు. పక్కన ఉన్న రాయి కూడా అలాంటి చుక్కే. పైగా అది రాత్రిపూట తిరిగే పిట్ట, నేలరంగులో కలిసిపోయే పిట్ట. నేరుగా వెతకడం కుదరదు. కానీ ఈ పిట్ట విషయంలో ఉపగ్రహాలు చేసిన ఉపకారం మరొకటి ఉంది, అది చెప్పుకోదగ్గది.

1848లో బ్రిటిష్ ప్రకృతిశాస్త్రవేత్త జెర్డాన్ ద్వారా లోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనపడక, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో మీ జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర, మళ్లీ బయటపడింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది. ఇన్నేళ్లలో దాన్ని కళ్లతో చూసినవారు కొద్దిమందే కనుక, పరిశోధకులు తెలివైన ఉపాయం ఒకటి పన్నారు. పొదల మధ్య సన్నని మట్టిని జల్లించి పట్టీలుగా పరిచి, తెల్లవారి వెళ్లి, రాత్రి వాటిమీదుగా నడిచిన మూడువేళ్ల అడుగులను వెతికారు. ఆ జాడలు ఎలాంటి చోట్ల ఎక్కువగా పడ్డాయో కొలిస్తే, రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపుగా ఉన్న నేలను ఆ పిట్ట ఎంచుకుంటోందని తేలింది. మరీ దట్టమైతే పరుగెత్తడానికి దారి ఉండదు, మరీ బోడిగా ఉంటే దాగడానికి నీడ ఉండదు. కలివి పొదల మీదుగానే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పేరు పెట్టినవారికి ఈ సంగతి మనకన్నా ముందే తెలుసన్నమాట.

ఇప్పుడు లెక్క చూడండి. పైన చెప్పిన పదమూడున్నర సెంట్ల పిక్సెల్‌లోకి ఆ పెద్ద పొదలు సుమారు పదిహేడు నుంచి ముప్పై తొమ్మిది దాకా వస్తాయి. గుంట పిక్సెల్‌లోకి మూడు నుంచి ఏడు. పిట్ట కనపడదు గానీ, పొదలు ఎన్ని, వాటి మధ్య ఎర్రమట్టి ఎంత అన్నది ఆ పిక్సెల్ రంగులో కలిసి ఉంటుంది. కనుక అడుగుజాడలు దొరికిన చోట్ల రంగు ఎలా ఉందో నేర్చుకుని, అదే రంగున్న మరికొన్ని చోట్లను పటంలో గుర్తించి, అక్కడ మళ్లీ మట్టిపట్టీలు పరవవచ్చు. వెతకవలసిన నేల జిల్లా నుంచి కొన్ని చదరపు కిలోమీటర్లకు దిగుతుంది. అదే విధంగా 1991 నాటి చిత్రాలనూ 2000 నాటి చిత్రాలనూ పోల్చి, అభయారణ్యం లోపలా చుట్టూరా పొదల అడవి ఎంత తగ్గిందో, సాగుభూమి రెట్టింపును మించి ఎలా పెరిగిందో పక్షిశాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. అంతకుముందు 'పొదలు పోతున్నాయి' అన్నది ఊళ్లో మాట; ఆ తరువాత అది తారీఖుతో, హద్దులతో చూపగల సాక్ష్యం.

ఇక ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటి ఉంది. ఈ పిట్టకు కావలసిన నేల, అటవీ సర్వే నిర్వచనంలో చాలాచోట్ల అడవి కాదు, పొదనేల. అదే ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యే బంజరు భూముల పటంలో పొదలున్న నేలలు బంజర్ల జాబితాలో ఉంటాయి. 'బంజరు' అని పటంలో రాసిన మరుక్షణం దానికి తోటల పెంపకమో, సౌరఫలకాల పంటో కావాలని ఎవరికైనా తోస్తుంది. మొక్కలు నాటి దాన్ని 'దట్టంగా' మారిస్తే ఉపగ్రహం కొలిచే పచ్చదనపు సూచీ పెరుగుతుంది, పిట్ట పోతుంది. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డిభూమి కథా ఇలాంటిదే; గడ్డిని ఖాళీజాగాగా చూసే అలవాటు పటాలకన్నా ముందునుంచే మనలో ఉంది. ఇక్కడ దోషం కెమెరాది కాదు, పటం అంచున ఉండే రంగుల సూచికలో మాటలు రాసినవారిది.

మీరు ఈ పిట్ట మీద పనిచేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త: జాడలు దొరికిన చోటు అక్షాంశ రేఖాంశాలను ఎప్పుడూ బయటపెట్టకండి.

ప్రశ్న: కొల్లేరు సరస్సు ఎంతవరకు, చేపల చెరువు ఎక్కడినుంచి అన్నది మా ఊళ్లో ఎప్పుడూ తగాదాయే. ఉపగ్రహ చిత్రం పెట్టి హద్దు తేల్చేయవచ్చు కదా?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: సగం తేల్చవచ్చు, సగం తేల్చలేము. ఆ రెండు సగాలనూ కలిపేయడం వల్లనే తగాదా పెరుగుతోంది.

తేల్చగలిగినది ముందు చెబుతాను. గట్టు కట్టిన చేపల చెరువు పైనుంచి చూస్తే ముక్కుసూటి అంచులతో, నిండుగా, ఏడాది పొడవునా నల్లటి దీర్ఘచతురస్రంలా ఉంటుంది. సరస్సు నీటికి సరళరేఖ తెలియదు. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చినప్పుడు పొంగి, మే నెలకు ఎండి కుదించుకుపోతుంది. కనుక ఈ రెంటినీ విడదీయడం కష్టం కాదు. 2001 ఫిబ్రవరిలో భారత ఉపగ్రహం తీసిన చిత్రాన్ని విశ్లేషించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సు విస్తీర్ణంలో సుమారు 42 శాతం చేపల చెరువుల కిందికి వెళ్లిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో లెక్క చూపారు. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. 2006లో గట్లు తెగ్గొట్టిన 'ఆపరేషన్ కొల్లేరు' తరువాత చెరువులు ఎక్కడ ఆగాయో, ఎక్కడ తిరిగి మొలిచాయో కూడా అలాంటి చిత్రాల్లోనే ఏడాదివారీగా చూడవచ్చు. సరస్సు నడుమ చిత్రంలో ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించే విశాలమైన మచ్చలను చూసి మాత్రం మురిసిపోకండి, అది గుర్రపుడెక్క. గూడబాతులకు అక్కడ చేప దొరకదు.

ఇక తేల్చలేనిది. అభయారణ్యానికి హద్దు +5 అడుగుల కాంటూరు, అంటే ఎత్తును బట్టి గీసిన గీత. ఉపగ్రహాల నుంచి తయారైన ఎత్తుల పటాలు మనకు ఉచితంగానే దొరుకుతాయి. కానీ 2000లో అమెరికా అంతరిక్ష నౌక రాడారుతో కొలిచిన ఎత్తులైనా, మన కార్టోశాట్-1 జంటచిత్రాలతో లెక్కగట్టిన ఎత్తులైనా, వాటిలో సహజంగా ఉండే తేడా కొన్ని మీటర్లు. అయిదు అడుగులంటే ఒకటిన్నర మీటరు. కొలిచే బద్దలోని తప్పు, కొలవవలసిన దానికంటే పెద్దదైతే ఆ బద్దతో ఏం కొలుస్తాం? కొల్లేటి నేల వాలు అంతంతమాత్రమే కనుక, ఎత్తులో జానెడు తేడా వస్తే నేలమీద గీత ఎంతో దూరం జరిగిపోతుంది. కాంటూరు గీయాలంటే లెవెల్ యంత్రం భుజాన వేసుకుని సర్వేయరు గట్లవెంట నడవాల్సిందే, లేదా విమానం నుంచి లేజరుతో కొలవాల్సిందే. ఉపగ్రహ చిత్రం మీద పసుపుగీత గీసి 'ఇదే అయిదో కాంటూరు' అని ఎవరైనా మీ ముందుకు తెస్తే, ఆ గీతకు ఎత్తు ఎక్కడినుంచి వచ్చిందని అడగండి.

ప్రశ్న: పులులనూ, ఎర్రచందనం దొంగలనూ పైనుంచే కనిపెట్టవచ్చు కదా? అడవిలో అంతమంది సిబ్బందితో పనేమిటి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కుదరదు. ఉపగ్రహం వీడియో కెమెరా కాదు; ఒక చోటు మీదుగా కొన్ని క్షణాల్లో సాగిపోయి, మళ్లీ రోజుల తరువాత వస్తుంది. శేషాచలంలో ఎర్రచందనం చెట్లను ఏరి ఏరి నరుకుతారు, చుట్టూ మిగతా చెట్లు నిలిచే ఉంటాయి, కనుక పిక్సెల్ రంగు ఇంచుమించు మారదు. దుంగలు మోసేవారి కాలిబాటలు ఆకుల కింద ఉంటాయి.

పులిని లెక్కపెట్టేది చెట్టుకు కట్టిన కెమెరా. ఒక్కో పులికి చారల తీరు వేరు కనుక ఫొటోలను పోల్చి గుర్తుపడతారు. నాలుగేళ్లకొకసారి జరిగే జాతీయ గణనలో ఉపగ్రహాల పాత్ర వేరు: ఏ అడవి ఎంత దట్టం, ఊళ్లు ఎంత దూరం, నీళ్లెక్కడ, నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా అడవి ఎక్కడ తెగకుండా సాగుతోంది అన్నవాటిని అవి చెబుతాయి. 2022 గణనలో దేశంలో సగటున 3,682 పులులున్నట్టు తేలిన అంకె వెనుక ఈ రెండూ ఉన్నాయి.

జంతువులను పైనుంచే లెక్కపెట్టిన సందర్భాలు లేవని కాదు. అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్ల రెట్ట మంచుమీద గోధుమరంగు మచ్చగా అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో పడింది; ఆ మచ్చలను పట్టుకుని, మరింత సూక్ష్మమైన చిత్రాలతో 2012లో 46 స్థావరాలనూ, దాదాపు 5,95,000 పక్షులనూ లెక్కించారు. తెల్లని మంచు, నల్లని పక్షి, పైన చెట్టన్నది లేదు. మన అడవిలో అంత సౌఖ్యం ఎక్కడిది?

ప్రశ్న: మా మన్యంలో జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బే. పోడు, నరికివేత అన్నీ మబ్బుచాటున సాగితే ఉపగ్రహానికి ఏం తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: మామూలు కెమెరాకు తెలియదు. అందుకే అటవీ సర్వే వారు వానలు వెలిసి, ఆకు ఇంకా రాలని అక్టోబరు–డిసెంబరు చిత్రాలనే ఏరుకుంటారు. మబ్బును దాటి చూడగలిగేది రాడారు. అది తానే సూక్ష్మతరంగాలను కిందికి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని వింటుంది. పగలూ రాత్రీ, వానా ఎండా దానికి ఒకటే. తరంగం పొడవును బట్టి చూపు లోతు మారుతుంది. యూరప్ వారి రాడారు ఉపగ్రహం సెంటినెల్-1 వాడే అయిదారు సెంటీమీటర్ల తరంగం పైకొమ్మల ఆకులను తాకి వెనక్కి వస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో నాసా సమకూర్చిన రాడారు తరంగం దాదాపు 24 సెంటీమీటర్లు. అది ఆకులను దాటి కొమ్మలదాకా, బోదెలదాకా దిగుతుంది. ఇస్రో సమకూర్చిన మరో రాడారు దానికంటే పొట్టి తరంగంతో పనిచేస్తుంది. పన్నెండు రోజులకొకసారి అదే చోటుకు తిరిగివస్తుంది కనుక, వానాకాలంలో నరికిన కొండవాలు దసరాదాకా దాగి ఉండే వీలు తగ్గింది. కోరంగి మడ అడవుల్లో పోటు వచ్చి తెల్లమడ, నల్లమడ చెట్ల మొదళ్లు నీళ్లలో ఉన్నప్పుడు, పొడవైన తరంగం నీటిమీదా బోదెమీదా రెండుసార్లు తగిలి బలంగా వెనక్కి వస్తుంది. ఆకుల కింద నీరుందని అలా తెలుస్తుంది.

పోడు గురించి ఒక మాట. నాలుగైదేళ్లు సాగుచేసి వదిలిన పోడుచెక్క మళ్లీ అడవిగా తేరుకోవడమూ, శాశ్వతంగా నేల చదునుచేయడమూ ఒక్క ఏడాది చిత్రంలో ఒకేలా ఉంటాయి. 1972 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాల వరసను చూడకుండా ఒక్క చిత్రం ఆధారంగా ఎవరినైనా అడవి నరికినవారని ముద్రవేయడం అన్యాయం.

ప్రశ్న: వేసవి వస్తే మా కొండలకు కార్చిచ్చు తప్పదు. మా ఊళ్లో కుర్రాళ్లం పదిమంది ఉన్నాం, ఫోన్లున్నాయి. ఉపగ్రహాలతో మేమేం చేయగలం?
– ఒక యువకుడు, మార్కాపురం ప్రాంతం

జవాబు: అటవీ సర్వే సంస్థ వెబ్‌సైటులో పేరు, ప్రాంతం నమోదు చేసుకుంటే, మీ ప్రాంతంలో ఉపగ్రహం పసిగట్టిన మంటల సమాచారం ఫోనుకు సందేశంగా వస్తుంది. ఆ సమాచారం ఇచ్చే, ఉపగ్రహంలో అమర్చిన వీర్స్ అనే పరికరం రోజూ పగలు ఒకటిన్నర ప్రాంతంలో, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మీ కొండల మీదుగా వెళుతుంది. ఇప్పప్పువ్వు ఏరడానికో, తునికాకు చిగురు బాగా రావాలనో సాయంత్రం నాలుగింటికి అంటించిన మంట ఈ రెంటి మధ్య గంటల తరబడి సాగి ఆరిపోవచ్చు, సందేశం రాకపోవచ్చు. సందేశం వచ్చినా అందులోని బిందువు మంట ఉన్న చోటు కాదు, 375 మీటర్ల చదరానికి నడిబొడ్డు. ఆ చదరం సుమారు ముప్పై అయిదు ఎకరాలు. బిందువు దగ్గర పొగ లేదని వెనుదిరగకుండా ఆ మేరంతా చూడాలి. అడవి అంచున ఇటుకబట్టీ ఉంటే అదీ కార్చిచ్చుగానే కనిపించవచ్చు.

మంట ఆర్పడానికి మీరు సొంతంగా వెళ్లకండి. బీట్ అధికారికి చెప్పి, ఆయన వెంట, ఆయన చెప్పినట్టే వెళ్లండి. మీరు చేయగల విలువైన పని మంట ఆరిన తరువాతది. కాలిన నేల అంచు వెంబడి ఫోనులో జీపీఎస్ దారి నమోదుచేస్తూ ఒక చుట్టు నడవండి. కింద ఎండుటాకు మాత్రమే కాలిందా, కొమ్మలదాకా ఎగబాకిందా, తొర్రలున్న పెద్దచెట్లు ఎన్ని కూలాయి, తాబేలు డిప్పలేమైనా కనిపించాయా అన్నది తారీఖుతో రాసిపెట్టండి. నేలబారు మంటను చెట్ల గొడుగులు దాచేస్తాయి కనుక ఈ వివరాలు పైనుంచి ఎవరికీ దొరకవు. తరువాతి వారంలో వచ్చే సెంటినెల్-2 చిత్రాన్ని ఉచితంగా దించుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరు నడిచిన గీతను దానిమీద పెట్టి చూడండి. దాన్ని వాడటం తెలియకపోతే డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు చెబుతుంది. మీ గీతా, చిత్రంలోని నల్లమచ్చా ఎక్కడ కలవలేదో అక్కడికి మళ్లీ ఒకసారి వెళ్లి, కాలిన ఆకును చేత్తో పక్కకు తీసి చూడండి. మీ గ్రామంలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంటే ఆ కాగితాల నకలు ఒకటి వారి రిజిస్టరుకు ఇవ్వండి. వచ్చే ఏడు వానలు పడ్డాక అదే గీత వెంబడి ఏం మొలిచిందో చూడటానికి అది కావాలి.